పాత కంప్యూటర్‌లో ఎక్స్‌టర్నల్ డీవీడీ రైటర్ నెమ్మదిస్తే చిక్కు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

మా నాన్నగారు 2003లో కొన్న డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను మేము ఇప్పటికీ వాడుతున్నాము. అందులోని వీడియో క్యాప్చర్ కార్డుకు విండోస్ ఎక్స్‌పీలో తప్ప మరెక్కడా డ్రైవర్ దొరకలేదు కనుక, వీహెచ్‌ఎస్ క్యాసెట్లలో మిగిలిపోయిన పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, తాతగారి షష్టిపూర్తి కంప్యూటర్‌లోకి ఎక్కాలంటే ఆ యంత్రమే దిక్కు. దాని లోపలి రైటర్ పాడయ్యాక యూఎస్‌బీతో పనిచేసే ఎక్స్‌టర్నల్ రైటర్ ఒకటి తెచ్చి తగిలించాము. మొదటి డీవీడీ రాయడానికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. అదే రైటర్‌ను, అదే కట్టలోని మరో డిస్క్‌తో, అదే ఫైలుతో మా లాప్‌టాప్‌కు తగిలిస్తే పది నిమిషాల్లో పని ముగిసింది.

ఇలాంటి పరిస్థితిలో చాలామంది రైటర్‌ను మార్చేస్తారు, లేదా డిస్కుల కంపెనీని మార్చి చూస్తారు. రెండూ డబ్బు ఖర్చయ్యే పనులే, రెండూ చాలాసార్లు వృథా పనులే. చెరువు నిండుగా ఉండి, పొలం సిద్ధంగా ఉన్నా తూము సన్నగా ఉంటే మడి తడవదు. తూము వెడల్పుగా ఉన్నా కాలువ పూడిపోతే అంతే. డిస్క్ రాయడంలో హార్డ్ డిస్క్ చెరువు, యూఎస్‌బీ మార్గం కాలువ, రైటర్‌లో తిరిగే డిస్క్ పొలం. ఈ మూడింటిలో ప్రవాహం ఎక్కడ సన్నబడిందో ముందు తేల్చుకుంటే, మిగిలిన రెండింటి జోలికి వెళ్లవలసిన అవసరమే ఉండదు.

పట్టిన సమయమే మొదటి ఆధారం

రైటర్ల మీద, డిస్కుల మీద కనిపించే 8ఎక్స్, 16ఎక్స్, 24ఎక్స్ అనే గుర్తులు సీడీకి ఒక అర్థంతో, డీవీడీకి మరో అర్థంతో వాడతారు. సీడీలో 1ఎక్స్ అంటే సెకనుకు సుమారు 150 కిలోబైట్లు. డీవీడీలో 1ఎక్స్ అంటే సెకనుకు సుమారు 1.385 మెగాబైట్లు, అంటే సీడీ వేగానికి తొమ్మిది రెట్లు. 4.7 గిగాబైట్ల డీవీడీని 1ఎక్స్ వేగంతో నిండుగా రాస్తే సుమారు 57 నిమిషాలు, 2ఎక్స్‌తో 28 నిమిషాలు, 4ఎక్స్‌తో 14 నిమిషాలు పడుతుంది. పలుచటి ఎక్స్‌టర్నల్ రైటర్లలో చాలావాటి గరిష్ఠ వేగం డీవీడీకి 8ఎక్స్, సీడీకి 24ఎక్స్.

ఇక యూఎస్‌బీ వైపు చూద్దాము. పాత యూఎస్‌బీ 1.1 మార్గం సెకనుకు 12 మెగాబిట్లు మోస్తుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక లెక్క ప్రకారం అది 1.5 మెగాబైట్లు, కానీ మార్గం నడపడానికి అయ్యే ఖర్చులు పోగా నిజంగా అందేది సెకనుకు 1 మెగాబైట్ దరిదాపుల్లోనే ఉంటుంది. డీవీడీ 1ఎక్స్ వేగానికి కావలసిన 1.385 మెగాబైట్లు కూడా ఆ మార్గంలో రావు. అందుకే మా డీవీడీకి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. 4,700 మెగాబైట్లను సెకనుకు 1 మెగాబైట్ లోపు వేగంతో పంపితే వచ్చే లెక్క సరిగ్గా అదే. మీకు కూడా నిండు డీవీడీకి 75 నుంచి 90 నిమిషాలు, నిండు సీడీకి 13 నుంచి 20 నిమిషాలు పడుతూ ఉంటే, రైటర్‌నూ డిస్క్‌నూ అనుమానించకుండా నేరుగా యూఎస్‌బీ మార్గాన్ని పరీక్షించండి. యూఎస్‌బీ 2.0 మార్గం 480 మెగాబిట్లది. అది సరిగా పనిచేస్తే సెకనుకు 30 మెగాబైట్ల వరకు సులభంగా అందిస్తుంది, 8ఎక్స్ డీవీడీకి కావలసింది 11 మెగాబైట్లు మాత్రమే.

రెండు బఫర్లు చెప్పే సాక్ష్యం

సమయం చూసి తేల్చుకోలేకపోతే రాస్తున్నప్పుడే తెర మీద చూడవలసిన సంగతి ఒకటుంది. ఇమ్‌గ్‌బర్న్ వంటి సాఫ్ట్‌వేర్ డిస్క్ రాస్తున్నంతసేపూ కింది భాగంలో రెండు పట్టీలు చూపిస్తుంది. ఒకటి బఫర్, అంటే హార్డ్ డిస్క్ నుంచి చదివిన డేటాను కంప్యూటర్ తన మెమరీలో నిలవ పెట్టుకున్న చోటు. రెండోది డివైస్ బఫర్, అంటే రైటర్ లోపల ఉండే చిన్న నిలవ. ఈ రెండు పట్టీలను ఐదు నిమిషాలు ఓపికగా గమనిస్తే నా అనుభవంలో మరే పరీక్షా అంత స్పష్టంగా చెప్పదు.

మొదటి పట్టీ పదే పదే సున్నాకు పడిపోతూ ఉంటే హార్డ్ డిస్క్ నుంచి డేటా సమయానికి రావడం లేదని అర్థం. మొదటి పట్టీ 100 శాతం దగ్గర కదలకుండా నిలిచి, రెండో పట్టీ మాత్రం ఊగిసలాడుతూ పడిపోతూ ఉంటే, కంప్యూటర్ దగ్గర డేటా సిద్ధంగా ఉన్నా అది రైటర్ దాకా చేరడం లేదని, అంటే యూఎస్‌బీ మార్గమే ఇరుకుగా ఉందని అర్థం. రెండు పట్టీలూ నిండుగా ఉండి కూడా వేగం తక్కువగా ఉంటే, ఆ నెమ్మది రైటర్, డిస్క్ కలిసి నిర్ణయించుకున్నదే. మా కంప్యూటర్‌లో మొదటి పట్టీ నిండుగా ఉంది. రెండోది నిండీ నిండకముందే ఖాళీ అవుతూ వచ్చింది, ఖాళీ అయిన ప్రతిసారీ రైటర్ మోత ఆగి, ఒక్క క్షణం మౌనంగా ఉండి, మళ్లీ మొదలయ్యేది.

ఆ ఆగి మొదలవడం గురించి ఒక మాట చెప్పాలి. పాతకాలపు రైటర్లలో బఫర్ ఒకసారి ఖాళీ అయితే ఆ డిస్క్ అక్కడితో పాడైనట్టే. 2000 ప్రాంతం నుంచి వచ్చిన రైటర్లలో లేజర్‌ను ఆపి, డేటా వచ్చాక ఆగిన చోటు నుంచే అతికించే రక్షణ ఏర్పాటు ఉంది. అందువల్ల డిస్క్ పాడవదు; కానీ వందలసార్లు ఆగి అతికించిన డిస్క్‌ను, అది పనిచేస్తున్నా సరే, పదేళ్లు దాచుకోవలసిన కుటుంబ వీడియోలకు నేను వాడను.

పరీక్ష కోసం డిస్కులు పాడు చేసుకోవలసిన పని లేదు. సీడీ-ఆర్, డీవీడీ-ఆర్ డిస్కులతో టెస్ట్ మోడ్‌లో రాస్తే లేజర్ రాసే శక్తితో వెలగదు, మిగిలిన పని అంతా నిజంగానే జరుగుతుంది, డిస్క్ ఖాళీగానే మిగులుతుంది. డీవీడీ ప్లస్ ఆర్ రకానికి ఈ సౌకర్యం లేదు. పరీక్షకు తిరిగి రాయగల ఆర్‌డబ్ల్యూ డిస్క్ వాడవచ్చు గానీ దాని గరిష్ఠ వేగమే తక్కువ కాబట్టి ఆ అంకెను చూసి మార్గాన్ని తప్పుపట్టకూడదు.

యూఎస్‌బీ మార్గాన్ని సరిచేయడం

విండోస్ ఎక్స్‌పీలో మై కంప్యూటర్ మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని హార్డ్‌వేర్ భాగం నుంచి డివైస్ మేనేజర్ తెరిచి, అట్టడుగున ఉండే యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ అన్న శీర్షికను విప్పండి. ఆ జాబితాలో ఎన్‌హాన్స్‌డ్ అన్న మాట ఉన్న హోస్ట్ కంట్రోలర్ కనీసం ఒకటి కనిపిస్తే మీ కంప్యూటర్‌లో యూఎస్‌బీ 2.0 ఉన్నట్టే, దానికి డ్రైవర్ కూడా ఉన్నట్టే. యూనివర్సల్ హోస్ట్ కంట్రోలర్ లేదా ఓపెన్ హోస్ట్ కంట్రోలర్ అన్నవి మాత్రమే ఉంటే మీరు 12 మెగాబిట్ల మార్గంలోనే ఉన్నారు. పసుపు రంగు ప్రశ్నార్థకంతో యూఎస్‌బీ కంట్రోలర్ ఏదైనా కనిపిస్తే, కంట్రోలర్ ఉంది గానీ డ్రైవర్ లేదని గుర్తు. తొలినాటి ఎక్స్‌పీలో యూఎస్‌బీ 2.0కు సిద్ధమైన డ్రైవర్ లేదు. 2002లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1తో అది చేరింది. కాబట్టి పాత సీడీతో ఎక్స్‌పీని తిరిగి ఎక్కించిన కంప్యూటర్లలో సర్వీస్ ప్యాక్ ఎంతవరకు ఉందో ముందు చూడాలి. లినక్స్ వాడేవారు టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ ఆదేశానికి హైఫన్, టీ చేర్చి ఇస్తే ప్రతి పరికరం వరుస చివరా 12ఎం అనో 480ఎం అనో తేటగా కనిపిస్తుంది.

మా కంప్యూటర్‌లో డ్రైవర్ ఉంది, ఎన్‌హాన్స్‌డ్ కంట్రోలర్ కూడా జాబితాలో ఉంది. అయినా వేగం రాలేదు. చిక్కు బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందే నడిచే మదర్‌బోర్డు అమరికల ప్రోగ్రామ్‌లో దొరికింది. కంప్యూటర్ ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కి బయాస్‌లోకి వెళ్లి, యూఎస్‌బీ అమరికల పేజీ తెరిస్తే, యూఎస్‌బీ 2.0 కంట్రోలర్ మోడ్ అన్న వరుసకు ఎదురుగా ఫుల్‌స్పీడ్ అని ఉంది. ఆ మాట చూసి ఎవరైనా సరిగ్గానే ఉందనుకుంటారు. మేము కూడా అంతకు ముందు ఒకసారి చూసి అలాగే వదిలేశాము. యూఎస్‌బీ పరిభాషలో ఫుల్ స్పీడ్ అంటే పాత 12 మెగాబిట్ల వేగం. అది 1990లలో పెట్టిన పేరు. అప్పటికి లో స్పీడ్ అనే 1.5 మెగాబిట్ల వేగంతో పోలిస్తే అదే పూర్తి వేగం. 2000లో 480 మెగాబిట్ల వేగం వచ్చినప్పుడు దానికి హై స్పీడ్ అని పేరు పెట్టారు. ఆ వరుసను హైస్పీడ్‌కు మార్చి, భద్రపరిచి బయటికి వచ్చి, మళ్లీ అదే డిస్క్ రకంతో రాస్తే పదిన్నర నిమిషాల్లో ముగిసింది. పాత డెస్క్‌టాప్ వాడే ప్రతి ఒక్కరూ ఈ ఒక్క వరుసనూ తప్పక చూడాలని నేను గట్టిగా చెబుతాను.

బయాస్‌లో అలాంటి వరుసే లేకపోతే మదర్‌బోర్డులోనే యూఎస్‌బీ 2.0 లేకపోవచ్చు. ఇంటెల్ చిప్‌సెట్లలో అది 2002లో వచ్చిన ఐసీహెచ్4తో మొదలైంది. అంతకు ముందటి పెంటియం 3, తొలి పెంటియం 4 బోర్డులలో చాలావాటికి యూఎస్‌బీ 1.1 మాత్రమే ఉంటుంది. డెస్క్‌టాప్‌లో పీసీఐ స్లాట్ ఖాళీగా ఉంటే యూఎస్‌బీ 2.0 కార్డు బిగించుకోవడమే సరైన పరిష్కారం. పాత సామాన్ల దుకాణంలో దొరికిన కార్డయినా పనిచేస్తుంది. పాత లాప్‌టాప్‌కు పక్కనున్న కార్డుబస్ స్లాట్‌లో పెట్టే యూఎస్‌బీ 2.0 కార్డు ఉంటుంది, కాకపోతే మరీ పాతవైన 16 బిట్ల పీసీఎంసీఐఏ స్లాట్లు దానిని అంగీకరించవు. 2003 మధ్యకు ముందటి ఆపిల్ కంప్యూటర్లలో యూఎస్‌బీ 1.1 మాత్రమే ఉన్నా చాలావాటిలో యూఎస్‌బీ లాంటిదే అయిన మరో మార్గం, 400 మెగాబిట్ల ఫైర్‌వైర్ ఉంటుంది. వాటికి ఫైర్‌వైర్ రైటర్ దొరికితే అంతకంటే మంచి మార్గం లేదు.

కంట్రోలర్ సరిగ్గానే ఉన్నా పోర్టు వల్ల నష్టం జరగవచ్చు. క్యాబినెట్ ముందు వైపు పోర్టులు లోపల సన్నటి పొడవైన తీగలతో మదర్‌బోర్డుకు కలుస్తాయి. పాత క్యాబినెట్లలో ఆ తీగలు నాసిరకంగా ఉండటం మామూలే. రైటర్‌ను ఎప్పుడూ వెనుక వైపు, మదర్‌బోర్డుకు నేరుగా ఉన్న పోర్టుకే తగిలించండి. మధ్యలో హబ్ గానీ, పొడిగింపు కేబుల్ గానీ, కీబోర్డుకు పక్కన ఉండే పోర్టు గానీ వద్దు. డేటా పెన్‌డ్రైవ్‌లోనో మరో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోనో ఉంటే దాని నుంచి నేరుగా రాయకుండా ముందు లోపలి హార్డ్ డిస్క్‌కు కాపీ చేసుకోవాలి, ఎందుకంటే రావలసిన డేటా, పోవలసిన డేటా రెండూ ఒకే యూఎస్‌బీ మార్గాన్ని పంచుకోవలసి వస్తుంది.

కరెంటు చాలకపోవడం

యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వవలసిన కరెంటు 500 మిల్లీయాంపియర్లు. పలుచటి రైటర్ మోటారు వేగం పుంజుకునే క్షణంలో, లేజర్ రాసే శక్తితో వెలిగినప్పుడు అంతకు మించి కావాలి. కొత్త కంప్యూటర్ల పోర్టులు కాస్త ఎక్కువే ఇస్తాయి కనుక అక్కడ తెలియదు. పాత కంప్యూటర్‌లో మాత్రం డిస్క్ తిరగడం మొదలై ఆగిపోతుంది, టిక్ టిక్ మని చప్పుడు వస్తుంది, లేదా రాయడం మధ్యలో రైటర్ కనెక్షన్ తెగిపోతుంది. రెండు యూఎస్‌బీ మొనలున్న వై ఆకారపు కేబుల్‌తో రెండో మొనను మరో పోర్టుకు తగిలిస్తే చాలావరకు సరిపోతుంది. రైటర్‌కు విడిగా అడాప్టర్ పెట్టుకునే రంధ్రం ఉంటే దానిపై రాసిన వోల్టేజ్, పిన్ ధ్రువత్వం సరిచూసి అడాప్టర్ వాడటం ఇంకా మంచిది. కార్డుబస్ కార్డుకు తగిలించినప్పుడు ఇది దాదాపు తప్పనిసరి.

హార్డ్ డిస్క్ నుంచి డేటా రాకపోతే

మొదటి బఫర్ పడిపోతున్న కంప్యూటర్‌లో ఎక్స్‌పీకి ఉన్న ఒక పాత గుణాన్ని ముందు అనుమానించాలి. హార్డ్ డిస్క్‌తో మాట్లాడేటప్పుడు పొరపాట్లు మొత్తం ఆరు దాటితే ఎక్స్‌పీ ఆ మార్గం వేగాన్ని మెట్టు మెట్టుగా దించుతుంది. చివరికి ప్రాసెసర్ మోయకుండానే డేటా నేరుగా మెమరీకి చేరే డీఎంఏ పద్ధతి నుంచి పీఐఓ పద్ధతికి పడిపోతుంది. అప్పుడు ప్రతి బైటునూ ప్రాసెసరే స్వయంగా మోయవలసి వస్తుంది కాబట్టి కంప్యూటర్ మొత్తం మొద్దుబారుతుంది, మౌస్ బాణం కూడా తడబడుతుంది. డివైస్ మేనేజర్‌లో ప్రైమరీ ఐడీఈ చానల్ ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్ ఎదురుగా పీఐఓ అని ఉంటే చిక్కు అదే. ఆ చానల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటర్‌ను మళ్లీ ప్రారంభిస్తే విండోస్ దానిని కొత్తగా గుర్తించి డీఎంఏతో మొదలుపెడుతుంది.

అయితే ఈ పని చేయడానికి ముందు ఒక జాగ్రత్త. ఆ ఆరు పొరపాట్లు ఊరికే రాలేదు. కేబుల్ వదులైనా అయి ఉండాలి, డిస్క్ శిథిలమవుతూ అయినా ఉండాలి. కనుక ముందుగా అందులోని వీడియోలు, ఫొటోలు నెమ్మదిగానైనా సరే మరో చోటికి కాపీ చేసుకుని, ఆ తరువాతే చానల్ జోలికి వెళ్లండి. కొద్ది రోజుల్లో మళ్లీ పీఐఓకు పడిపోతే కేబుల్ మార్చండి. అప్పటికీ ఆగకపోతే ఆ హార్డ్ డిస్క్‌ను నమ్మకండి.

వేల కొద్దీ చిన్న ఫొటోలను నేరుగా రాసినప్పుడు, హార్డ్ డిస్క్ ఆరోగ్యంగా ఉన్నా, దాని తల ఒక్కొక్క ఫైలు వెతుక్కుంటూ తిరగడంలోనే సమయం పోతుంది. ముందు వాటన్నిటినీ ఒకే ఐఎస్ఓ ఫైలుగా, అంటే డిస్క్ మొత్తానికి నకలుగా ఉండే ఒకే ఫైలుగా కట్టి, దానిని రాస్తే ప్రవాహం నిలకడగా ఉంటుంది. పాత కంప్యూటర్లలో డిస్క్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే ఒక ఫైలు 4 గిగాబైట్లు దాటడానికి వీల్లేదు. నిండు డీవీడీ ఐఎస్ఓ అంతకంటే పెద్దది కనుక, ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఉన్న విభాగంలో దానిని తయారు చేసుకోవాలి. రాస్తున్నంతసేపూ యాంటీవైరస్ పరిశీలనను ఆపి ఉంచండి, ఇంటర్నెట్ తీగ తీసివేయండి.

డిస్క్, రైటర్ కలిసి తీసుకునే నిర్ణయాలు

రెండు పట్టీలూ నిండుగా ఉన్నప్పుడు కనిపించే నెమ్మదిలో కొంత అసలు లోపమే కాదు. 8ఎక్స్ అని రాసి ఉన్న రైటర్లలో చాలావి డిస్క్ లోపలి అంచు దగ్గర సుమారు 3.3ఎక్స్‌తో మొదలై, బయటి అంచుకు వెళ్లేసరికి 8ఎక్స్ చేరతాయి. మొదటి రెండు నిమిషాల అంకె చూసి కంగారు పడవద్దు. ప్రతి ఖాళీ డిస్క్‌లోనూ దాని తయారీదారు గుర్తు ఉంటుంది. రైటర్ ఫర్మ్‌వేర్‌కు, అంటే దాని లోపలి సాఫ్ట్‌వేర్‌కు, ఆ గుర్తు తెలిసినదైతే తగిన లేజర్ శక్తితో పూర్తి వేగానికి రాస్తుంది, తెలియనిదైతే 2ఎక్స్‌కో 4ఎక్స్‌కో తగ్గించుకుంటుంది. మరో కంపెనీ డిస్క్ ఒక్కటి తెచ్చి పోల్చి చూడండి. తేడా తెలిస్తేనే కట్ట కొనండి. రెండు పొరల 8.5 గిగాబైట్ల డిస్కులు సహజంగానే నెమ్మది.

రాసిన తరువాత సరిచూసే వెరిఫై అన్న గడి టిక్ చేసి ఉంటే డిస్క్ మొత్తాన్ని మళ్లీ చదువుతుంది కాబట్టి సమయం దాదాపు రెట్టింపవుతుంది. ఆ గడిని తీసేయమని నేను సలహా ఇవ్వను. క్యాసెట్ ఒకసారి నలిగిపోతే తాతగారి గొంతు మళ్లీ దొరకదు. మరో పది నిమిషాలు ఆగడం అంత కష్టం కాదు. మేము 8ఎక్స్ రైటర్‌లోనూ వేగాన్ని 4ఎక్స్ దగ్గరే పెట్టి, వెరిఫైతో కలిపి ఒక్కో డిస్క్‌కు సుమారు ఇరవై అయిదు నిమిషాలు వెచ్చిస్తున్నాము. కరెంటు పోయినా మా యూపీఎస్ ఆ కంప్యూటర్‌ను పావుగంట మోస్తుంది, రాయడం మాత్రమే అయితే 14 నిమిషాల్లో ముగుస్తుంది. గంటా ఇరవై నిమిషాలు పట్టిన రోజుల్లో మధ్యాహ్నం కోత వేళ దాటాకే డిస్క్ పెట్టేవాళ్లము.

పోర్టు మార్చి, బయాస్ చూసి, కార్డు బిగించే వీలు కూడా లేదని తేలిన కంప్యూటర్‌లో చేయవలసిన పని ఒక్కటే. అందులో ఐఎస్ఓ ఫైలు మాత్రం తయారు చేసి, ఇంట్లోని లోకల్ నెట్‌వర్క్ ద్వారా మరో కంప్యూటర్‌కు పంపండి. ఆ కాలపు 100 మెగాబిట్ల నెట్‌వర్క్ కార్డు అయినా సెకనుకు పది మెగాబైట్ల వరకు పంపగలదు, అంటే ఒక డీవీడీకి సరిపడా డేటా పది నిమిషాల లోపే అవతలికి చేరుతుంది. రైటర్‌ను అక్కడ తగిలించి రాసుకోవచ్చు.